చిత్రాంగి మాట విన్నవా రెవరు?



మన అనంతపురపు మెట్టసీమలో పద్యనాటకము మఱల తల యెత్తుచున్నది. నడుమ కొంతకాలము సినిమా తెఱయు, తరువాత ఇంటింట వెలసిన టెలివిజను పెట్టెయు, ఇప్పుడు ప్రతివాని చేతిలోని ఫోనును ఊరి నాటకమును మూలకు నెట్టినవి. అయినను ఉగాదికో, శ్రీరామనవమికో, ఊరి జాతరకో పందిరి వేసి, హార్మోనియము తెప్పించి, తెల్లవార్లు పద్యము వినవలెనన్న కోరిక చావలేదు. అట్లు నాటకమును పునరుద్ధరింప దలచినవారు ఏది యాడవలెను, ఎట్లాడవలెను అని నన్నడిగిన యెడల, నేను చెప్పు పేరు "విషాద సారంగధర". అది మన సీమలో పుట్టినవాడు వ్రాసిన నాటకము. ఒక ప్రసిద్ధుడైన రాజు భార్యను గూర్చిన నాటకము. అన్నిటికంటె ముఖ్యముగ, తీర్పు చెప్పు పెద్దలు చూడవలసిన నాటకము.

మన సీమ సంగతి మీ రెఱుగనిది కాదు. ఏటికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అదియును కాలమునకు పడుట అరుదు. ఎఱ్ఱనేలలో వేరుసెనగ వేసి ఆకాశమువంక చూచుచు కూర్చుండుట మన బ్రతుకు. కాయ పెఱికి, కట్టె వామి వేసిన పిమ్మట పని తగ్గును. ఆ తీఱిక నెలలలోనే పల్లెలలో నాటకము పుట్టును. ఒక మేష్టరును పిలిపించి, దేవళము ముందరనో బడి వరండాలోనో దీపము పెట్టి, రైతులును, దర్జీలును, బడిపంతుళ్లును కలిసి మూడు నాలుగు మాసములు పద్యములు వల్లింతురు. అక్షరము రానివారు సైతము విని విని పద్యములు కంఠస్థము చేయుట నేను చూచితిని. బడిమెట్టు ఎక్కనివారికి ఛందస్సు రుచి చూపినది ఈ నాటకమే. "కురుక్షేత్రము", "హరిశ్చంద్ర" మన పందిళ్లలో నేటికిని నిలిచి యున్నవి. ఒకప్పుడు ఆంధ్రదేశమంతట మ్రోగిన సారంగధర కథ మాత్రము ఇప్పుడు తఱుచుగా వినబడుట లేదు.

ఈ నాటకకర్త ధర్మవరము కృష్ణమాచార్యులవారు. ఇంటిపేరులోనే మన ధర్మవరమును మోసినవారు. 1853లో జన్మించి 1912లో కీర్తిశేషులైరి. ఆంధ్ర నాటక పితామహుడని లోకము వారిని గౌరవించినది. అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది 1882లో. అంతకుముందు మనలో పెక్కురము బళ్లారి జిల్లాలోని వారమే. అందువలన మన సీమ విద్యావంతులకు బళ్లారియే పెద్ద పట్టణము. ఆచార్యులవారు అక్కడ వకీలుగా నుండి, సరస వినోదినీ సభను స్థాపించి, తామే నాటకములు వ్రాసి, తామే వేషములు వేసి, యువకులకు నేర్పిరి. పాత్రలచేత పద్యములను రాగయుక్తముగ పాడించు పద్ధతి తెలుగు రంగస్థలమున నాటుకొనుటకు వారు ముఖ్యకారకులు. ఆ బళ్లారిలోనే కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపి చారిత్రక నాటకములను వ్రాసిరి. ఆచార్యులవారి మేనల్లుడే బళ్లారి రాఘవ. ఆయన 1880లో మన తాడిపత్రిలో పుట్టి, 1946లో కన్నుమూసెను. ఇట్టి వంశవృక్షము గల కళను మనము పరాయిసొమ్ముగ ఎంచరాదు.

ఇక కథ. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రునికి రత్నాంగి యొక భార్య, చిత్రాంగి యొక భార్య. రత్నాంగి కొడుకు సారంగధరుడు. చిత్రాంగి వయసున చిన్నది. రాజు వేటకు పోయిన వేళ సారంగధరుడు పావురముతో ఆడుకొనుచుండగా అది పోయి చిత్రాంగి మేడపై వ్రాలెను. దానికొఱకు అతడు లోపలికి పోయెను. ఆమె అతనిని మోహించెను. తల్లివంటి దానవని అతడు తొలగెను. రాజు తిరిగి రాగానే ఆమె నేరమును అతనిపై మోపెను. రాజు ఉగ్రుడై కొడుకు కాళ్లుచేతులు నఱుకుడని ఆజ్ఞాపించెను. రాజమహేంద్రవరములో సారంగధర మెట్ట యని నేటికిని ఒక తిప్పను చూపుదురు.

ఈ కథను పదునైదవ శతాబ్దిలో గౌరన "నవనాథ చరిత్రము"న చెప్పెను. పదునేడవ శతాబ్దిలో తంజావూరి రఘునాథనాయకుని ఆస్థానకవి చేమకూర వేంకటకవి ప్రత్యేక కావ్యముగ రచించెను. పూర్వకథలలో ఒక సిద్ధుడు వచ్చి తెగిన అంగములను మఱల మొలిపించును. వినువారికి ఊఱట కలుగును. రాజు తప్పు కూడ ఆ మహిమలో కొట్టుకొని పోవును. కృష్ణమాచార్యులవారు ఆ ఊఱటను నమ్ముకొనలేదు. మంగళాంతముగ ముగియుటయే మన నాటకముల సంప్రదాయమై యుండగా, వారు దుఃఖమును దుఃఖముగనే నిలిపిరి. తెలుగులో మొదటి విషాదాంత నాటకముగ దీనిని పెద్దలు లెక్కించుట అందువలననే. తొందరపడి చెప్పిన తీర్పు వలన తెగిన చేయి మఱల మొలవదు గదా! ఆ సత్యమును రంగస్థలముపై నిలిపినవాడు, కోర్టులో వాదించుటయే వృత్తిగా గల వకీలు. ఇది కాకతాళీయమని నే ననుకొనను.

ఇప్పుడు చరిత్ర యేమి చెప్పుచున్నదో విందము. రాజరాజనరేంద్రుడు కల్పిత పురుషుడు కాడు. తూర్పు చాళుక్యరాజు. 1022లో పట్టాభిషిక్తుడై 1061 వఱకు ఏలెను. నన్నయభట్టుచేత మహాభారతమును తెనిగింప జేసినవాడు. ఆయన భార్య అమ్మంగదేవి. చోళచక్రవర్తి రాజేంద్రచోళుని కూతురు. ఆ దంపతుల కుమారుడు తరువాత 1070లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగచోళుడను పేర దక్షిణదేశమును ఏలెను. అనగా రెండు రాజ్యములను ఒకటిగ కలిపినవాని తల్లి ఆమె. ఆ కాలపు శాసనములలో అమ్మంగదేవి యున్నది. చిత్రాంగి లేదు, రత్నాంగి లేదు, సారంగధరుడును లేడు. చరిత్రకారులు ఈ కథను కల్పనగనే ఎంచిరి.

చూచితిరా విచిత్రము! రాజరాజనరేంద్రుని భార్య యెవరని మన పల్లెలో అడుగుడు. చిత్రాంగి యని పదిమంది చెప్పుదురు. అమ్మంగదేవి యని చెప్పువాడు ఒక్కడు దొరకుట కష్టము. నిజముగ నున్న రాణి రాతిపలకలలోను, రాగిరేకులలోను దాగి యున్నది. లేని రాణి తొమ్మిదివందల ఏండ్ల తరువాత కూడ నింద మోయుచున్నది. రాజునకు మాత్రము రెండు విధముల కీర్తియే: శాసనములలో కవిపోషకుడు; కథలో భార్య మాట నమ్మి మోసపోయిన అమాయకుడు.

అమాయకుడా? ఇక్కడ మీరు నాతో కొంత నిదానింపవలెను. చిత్రాంగి చేసినది తప్పు కాదని నేను వాదించుట లేదు. ఒకనిపై లేని నేరము మోపుట పాపమే. కాని నేరము మోపుట వేఱు, శిక్ష విధించుట వేఱు. కత్తి చిత్రాంగి చేతిలో లేదు. ఆజ్ఞ ఆమెది కాదు. అడుగుటకు రాజునకు కొడుకున్నాడు, మంత్రులున్నారు, దాసీలున్నారు. ఆలోచించుటకు ఒక రాత్రి యున్నది. అతడు ఒక పక్షము విని, రెండవ పక్షమును విన నొల్లక, శిక్షను విధించెను. సారంగధరుని కాళ్లుచేతులు తెగుటకు మూలము మోహము కావచ్చును. కారణము మాత్రము విచారణ లేమి.

కొడుకు మాట రాజు వినలేదు. మఱి చిత్రాంగి మాట మనము వింటిమా? పడుచుపిల్ల, పెద్దకొడుకు గల రాజునకు భార్యగ ఎట్లు వచ్చెను? ఆమె ఇష్టమును ఎవరైన అడిగిరా? అంతఃపురములో ఆమెకు మాటాడ దగినవా రెవరు? మన వాడుక కథ ఈ ప్రశ్నలలో ఒక్కదానికిని నిలువదు. అడిగినంత మాత్రమున ఆమె నిర్దోషి కాబోదు. అయినను అడుగవలెను. దోషిని సైతము విని శిక్షించుటయే ధర్మము; వినక శిక్షించుట నిర్దోషిని శిక్షించుటతో సమానము.

ఈ రాజే నన్నయచేత సభాపర్వమును తెలుగున విన్నవాడని మఱవకుడు. ఆ పర్వములో ద్రౌపది, చక్రవర్తి భార్య, నిండుసభలో ఒక ప్రశ్న వేయును: తన్ను తా నోడినవానికి నన్ను ఒడ్డు అధికార మెక్కడిది? భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. తక్కిన పెద్దలలో పలువురు తలలు వంచిరి. భారతయుద్ధములో పడిన ప్రాణములన్నిటికిని ఆనాటి మౌనముతో సంబంధ మున్నది. పెద్దలు వినవలసినప్పుడు వినకుండుట ఎంత ఖరీదైన పనియో మన పూర్వులు ఇంతకంటె స్పష్టముగ చెప్పలేరు.

ఏలినవాని భార్యను రంగస్థలముపై నిలుపుట మన దేశమునకే పరిమితము కాదు. దక్షిణ అమెరికాలో ఆర్జెంటీనా యను దేశము కలదు. అక్కడ 1919లో ఒక మాఱుమూల గ్రామమున బీదయింట పుట్టిన ఎవా యను పిల్ల, పదునైదేండ్ల ప్రాయమున రాజధానికి వచ్చి, రేడియో నాటకములలో నటించి పేరు తెచ్చుకొనెను. 1945లో పెరోన్ అను సైనికనాయకుని పెండ్లాడెను. మఱుసటి యేడు అతడు దేశాధ్యక్షు డయ్యెను. ఆమె స్త్రీలకు వోటుహక్కు కావలెనని పాటుపడెను. 1947లో ఆ చట్టము వచ్చెను. పేదలు ఆమెను ఎవీటా యని ముద్దుపేర పిలిచి తల్లివలె కొలిచిరి. గిట్టనివారు ఆమె పుట్టుకను, పూర్వవృత్తిని ఎత్తి దూషించిరి. 1952లో, ముప్పదిమూడవ యేట, ఆమె వ్యాధితో మరణించెను. 1955లో భర్త పదవి పోయిన పిమ్మట విరోధులు ఆమె శవమును సైతము దేశము దాటించి, ఇటలీలో మాఱుపేరుతో పూడ్చిరి. అది మఱల స్వదేశము చేరుటకు 1974 వఱకు పట్టెను. చచ్చిన ఆడుదానికి కూడ వెఱచిన రాజకీయ మది!

ఆమె కథను ఆంగ్లేయులైన ఆండ్రూ లాయిడ్ వెబ్బర్, టిమ్ రైస్ అనువారు సంగీతనాటకముగ కూర్చిరి. 1978లో లండనులో మొదట ప్రదర్శించిరి. తరువాత లోకమంతట పలుమాఱులు పునరుద్ధరించిరి. ఆ నాటకములో చే అను పాత్ర యొకడు ప్రక్కన నిలిచి ఎవీటాను ఎత్తిపొడుచుచు, ప్రశ్నించుచు పాడును. ఆమె తన పక్షమును తానే పాడుకొనును. తూచుకొను పని ప్రేక్షకునిది. 2025 వేసవిలో లండనులోని పల్లాడియం నాటకశాలలో దీనిని మఱల ఆడినప్పుడు దర్శకుడు జేమీ లాయిడ్ ఒక క్రొత్త యేర్పాటు చేసెను. ప్రజలను ఉద్దేశించి ఎవీటా పాడు ప్రసిద్ధమైన పాటను నటి రేచల్ జెగ్లర్ లోపలి రంగముపై పాడలేదు. నాటకశాల వెలుపలి మేడవసారాలోనికి వచ్చి, వీధిలోని జనమునకు పాడెను. టిక్కెట్టు కొన్నవారు లోపల తెఱపై బొమ్మను చూచిరి. కొనని బాటసారులు ఎదుట నిలిచి ఆమెనే చూచిరి. రాత్రి రాత్రికి వీధి నిండ జనము చేరెను.

దీనిని విని మనము నోరు తెఱవ నక్కఱ లేదు. మన పల్లెపందిరి ఎప్పుడును వీధిలోనే యున్నది. టిక్కెట్టు లేదు, గోడ లేదు. అరుగు మీద పండుకొన్న ముసలమ్మకును పద్యము వినబడును. వారు ఎంతో ఖర్చుపెట్టి వెదకికొన్నది మనకు ముందే కలదు. వారివద్ద నేర్చుకొన దగిన దొక్కటే: రాజు భార్యను నిందించు పాత్ర రంగముపై నున్నప్పుడు, ఆమెకును పూర్తిగా పాడుకొను అవకాశ మిచ్చుట.

ఆ అవకాశము మన పందిళ్లలో చిక్కుచున్నదా? లేదు. దాని కారణము మీకు తెలిసినదే. ఊరి మగవారు మాసముల తరబడి సాధన చేయుదురు. ఆడువేషములకు దూరపు పట్టణమునుండి నటీమణిని కూలికి పిలిపింతురు. ఆమె నాటకపు దినమునకో, ముందునాటికో వచ్చును. ప్రొద్దు చాలదని మేష్టరు పద్యములు తగ్గింపవలసి వచ్చినప్పుడు మొదట తగ్గునవి ఆమె పద్యములే. రాజవేషధారి చుట్టములు వన్సుమోరు కొట్టగా అతని పద్యము రెండుమాఱులు సాగును. రాణి మనవి మాత్రము సగమున తెగును. ఈ విధముగ కథలో జరిగిన అన్యాయమే పందిరిలో మఱల జరుగును. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని, వారికి గౌరవస్థానము కావలెనని బళ్లారి రాఘవ తన కాలముననే పట్టుబట్టెను. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజములో ఇంటి ఆడుబిడ్డలే వేషములు కట్టి తరతరములుగ కళను నిలిపిరి. రాయలసీమకు ఈ పాఠము క్రొత్తది కాదు.

కావున నా మనవులు మూడు. మొదటిది, సారంగధరను ఆడునప్పుడు చిత్రాంగి పద్యములను కోయకుడు. నటీమణిని కనీసము నాలుగు దినములు ముందుగ పిలిపించి, ఆ దినములకు కూడ కూలి యిచ్చి, గౌరవముగ బస చూపుడు. రెండవది, రాజు తీర్పు చెప్పు ఘట్టమున వన్సుమోరు వద్దు, ఈలలు వద్దు. హార్మోనియము కొంత తగ్గనిండు. ఆ నిశ్శబ్దములో ప్రతివాడును తన్ను తాను రాజు స్థానమున నిలుపుకొని చూచుకొనవలెను. మూడవది, మఱునాడు రచ్చకట్టపై కూర్చుండి, ఎవరు బాగుగ పాడిరని మాత్రమే గాక, రాజు ఏమి అడుగవలసి యుండెనో ముచ్చటింపుడు. ఆ ముచ్చటలో ఆడువారికిని చోటుండవలెను.

ఇంతగా ఏల చెప్పుచున్నానో వినుడు. వాన తప్పిన యేడు మన పల్లెలు సగము ఖాళీ యగును. మగవారు బెంగళూరికి మేస్త్రీ పనులకు పోవుదురు. కదిరి ప్రాంతమునుండి ఎందఱో ఆడువారు గల్ఫు దేశములకు ఇంటిపనులకు పోవుదురు. ఉన్న ఊరిలో మిగిలిన భార్యను గూర్చియు, పరదేశము పోయిన భార్యను గూర్చియు మాటలు పుట్టును. కఱవు సీమలో మొలచుటకు నీరక్కఱలేని విత్తనము నింద యొక్కటే.

నే నెఱిగిన ఒక గ్రామమున కొన్నియేండ్ల క్రిందట ఇట్లే జరిగినది. అప్పుడు బోరు మోటార్లకు కరెంటు రాత్రివేళ వంతులవారీగ వచ్చెడిది. భర్త బెంగళూరిలో నుండగా ఒక యిల్లాలు ఎకరము టమాట తోటను ఒంటిగ చూచుకొనుచుండెను. మోటారు కాలిపోగా మరమ్మతు చేయువాడు కరెంటు వచ్చు వేళకే రావలసి వచ్చెను. రెండు రాత్రులు వచ్చిపోయెను. చూచినవాడు చూచినంత చెప్పెను. విన్నవారు విననంత చేర్చిరి. పెద్దలు ఒక సాయంకాలము కూడి, ఆమెను పిలువకయే, భర్తకు ఫోనులో మాట చెప్పిరి. ఆమె బిడ్డను చంకనెత్తుకొని పుట్టినింటికి పోయెను. తోట యెండెను. మోటారు మరమ్మతుకు ఆమె అప్పుచేసి పైక మిచ్చిన చీటీ ఆ యింటి గూటిలోనే పడి యుండెను. ఒక్కరు అడిగి యుండిన ఆమె దానిని చూపి యుండును. భర్త తరువాత నిజము తెలిసికొని పిలువబోయెను గాని, ఆమె ఆ ఊరికి తిరిగి రాలేదు. కాలుచేతులు నఱికిన వా రెవరును లేరు. అయినను తెగినది మఱల అతుకలేదు. ఆ పెద్దలు దుర్మార్గులు కారు. సారంగధర కథను చిన్ననాడు విని, చిత్రాంగిని తిట్టి, రాజుపై జాలిపడి ఇంటికి పోయినవారే.

అందుచేతనే పద్యనాటకమును పునరుద్ధరింపుడని నేను కోరుట పాత రాగములపై మమకారముతో మాత్రమే కాదు. చట్టపు పుస్తకము చదువనివాడు కూడ పద్యము వినును. రెండు పక్షములు వినవలెనని న్యాయాధిపతి చెప్పిన మాట కోర్టు గోడలలో నుండును. అదే మాట రంగముపై కన్నీటితో కనబడిన యెడల ఊరి గుండెలో నుండును. కృష్ణమాచార్యులవారు సిద్ధుని మహిమను తొలగించి మనకు మిగిల్చిన విషాదము అట్టి పాఠమే. దానిని కడవఱకు చూచిన ఊరిలో, రేపు ఎవరిపైననో మాట వచ్చినప్పుడు, రచ్చకట్టపై కూర్చున్నవారిలో ఒక్కడైనను లేచి, "ఆమెను పిలువుడు, ఆమె నోట విందము" అనును. ఆ ఒక్క మాట కొఱకు ఒక రాత్రి నిద్ర మేల్కొనుట ఎక్కువ కాదు.